సుగ్గి మూటలో మాత్రలు ఉన్నాయా?

అయ్యా,

ఆదోని, కోసిగి, ఆలూరు వైపు పల్లెల నుంచి ఏటా గుంటూరు మిరప కోతలకు సుగ్గి (కోతల కాలపు వలస కూలి) బండ్లు కదులుతాయి. తాగుడు మాన్పించుకుని, దాంతోపాటే మానసిక జబ్బుకూ మందులు వాడుతున్నవాళ్లు వాటిలో ఉంటారు. చేతిలో నెల మాత్రలు, ముందు రెండు మూడు నెలల పని. మాత్రలు అయిపోయాక చాలామందికి మొదట చెడేది నిద్ర. నిద్ర కోసం క్వార్టరు. తాగబట్టే మతి తప్పిందని ఇంట్లోవాళ్లు అంటారు గానీ, చాలాసార్లు వరస తలకిందులు.

బండెక్కడానికి పది రోజుల ముందే డాక్టరును కలిసి, పని అయ్యేదాకా సరిపడా రాయమని అడగాలి. అన్ని మాత్రలూ ఒకేసారి మింగుతాడన్న భయం ఉంటే సంచి భార్య దగ్గరో అన్న దగ్గరో ఉంచి పూటకింత ఇవ్వాలి. చీటీ జిరాక్సు వెంట ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ఆసుపత్రుల దాకా ఉచితంగా ఇవ్వాలి. గుంటూరు వైపైనా ఇదే చట్టం.

మానసిక జబ్బుకిచ్చే మందుల్లో లిథియం వాడేవాళ్ల సంగతి వేరు. ఎండలో చెమట కారి, నీళ్లు తాగక, విరేచనాలు పట్టుకుంటే రక్తంలో లిథియం పెరుగుతుంది. నడుం నొప్పికని అంగట్లో కొనే డైక్లోఫెనాక్ ఇంకా పెంచుతుంది. అప్పుడు చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. అచ్చం తాగినట్టే! దిగుతుందిలే అని చెట్టుకింద పడుకోబెడతారు. నోటి దగ్గర వాసన లేకుండా తూలుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వాసన ఉన్నా సరే, లిథియం వాడే మనిషైతే ఆలస్యం చేయొద్దు. మామూలు రోజుల్లో చేయించే లిథియం రక్తపరీక్షైతే చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు చేయిస్తేనే అంకె నమ్మదగ్గది; ఇలా తూలేటప్పుడు మాత్రం దానికోసం ఆగొద్దు.

ఇంకో తప్పు, చెప్పకుండా సంగటిలో తాగుడు మాన్పించే మాత్ర డైసల్ఫిరామ్ కలపడం. దానిమీద తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి బీపీ పడిపోవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ముప్పు ఉంటుంది. కొందరిలో మతిభ్రమణం కూడా ముదురుతుంది. రోగికి తెలియకుండా ఇవ్వాల్సిన మందు కాదది.

తాగాడని కోపంతో మానసిక జబ్బు మాత్రలు ఆపేయడమూ మామూలే. నిద్రమాత్ర మాత్రం మద్యం మీద వేయకూడదు, ఊపిరి మందగిస్తుంది. మిగతావి ఆపాలా వద్దా డాక్టరే చెప్పాలి. ఆయన అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

అధికారులకు మా మనవి ఒకటే. డిశ్చార్జి చీటీలో ‘సుగ్గికి ఎప్పుడు, ఏ ఊరికి?’ అని ఒక గడి పెట్టి, దాన్ని బట్టి మందులు ఇవ్వండి.

- కొందరు సైకియాట్రీ నర్సులు, కర్నూలు