మమ్మల్ని నర్సులుగా పనిచేయనివ్వండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో 19 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా సిబ్బంది కొరత గురించి రెండేళ్లలో మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మూడింటి మీదా అందినట్టు ముద్ర పడింది గానీ జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి అందరి ఎదుటా రాస్తున్నాను.

ఇటీవల మాకు రోగులతో మెలగవలసిన తీరుపై ఒకరోజు శిక్షణ ఇచ్చారు. నర్సులు మనసు పెట్టి పనిచేయడం లేదని అక్కడ పెద్దలు అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. ఆ మనసు ఎక్కడ పోతున్నదో తమరికి చెప్పుకోవాలి.

మా మెడికల్ వార్డులో 40 మంచాలు ఉన్నాయి. నేను చెబుతున్న రాత్రి 58 మంది రోగులున్నారు, నర్సును నేనొక్కదాన్నే. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని, సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా నియమించాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు చెబుతున్నాయని తమరికి తెలియనిది కాదు. ఆ రాత్రి వార్డు బాయ్ లేడు కనుక ఆక్సిజన్ సిలిండరును నేనే దొర్లించుకొచ్చాను. నరంలోకి మందు ఎక్కించే క్యాన్యులాలు అయిపోతే పక్క వార్డుకు వెళ్లి అడిగి తెచ్చాను. ఆరోగ్యశ్రీ కాగితాలు తెల్లవారేలోగా కంప్యూటరులో ఎక్కించాలన్నారు, అదీ చేశాను. ఈలోగా కింద పడుకున్న ఒక పెద్దాయన "అమ్మా, కాసిన్ని మంచినీళ్లు" అని రెండు గంటలప్పుడు అడిగితే, వస్తున్నానని చెప్పి నాలుగింటికి వెళ్లాను. అప్పటికి ఆయన అడగడం మానేశారు. పెదవులు ఎండిపోయి, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

ఆ తెల్లవారుజామున పదకొండు మందికి బీపీ చూడలేకపోయాను. చూసినట్టు ఏదో ఒక అంకె వేయడానికి చేయి రాక, కేస్ షీట్లలో ఆ గడులు ఖాళీగానే వదిలేశాను. ఖాళీ గడులకు సంజాయిషీ ఇమ్మని మరునాడు మెమో వచ్చింది. వార్డులో ఎంతమంది రోగులున్నారని గానీ, ఎంతమంది నర్సులున్నారని గానీ అందులో ఎవరూ అడగలేదు. అయ్యా, నిజం రాసినందుకు శిక్ష పడితే, నాతోటి చిన్న వయసు నర్సులు ఏం నేర్చుకుంటారు? చేరినప్పుడు ప్రతి రోగినీ పేరు పెట్టి పిలిచిన పిల్లలు ఏడాది తిరిగేసరికి మంచం నంబరుతో పిలుస్తున్నారు. వాళ్ల మీద నాకు కోపం రావడం లేదు, భయం వేస్తున్నది.

ఇక భద్రత సంగతి. వైద్య సిబ్బందిపై దాడి నేరమని చెప్పే 2008 నాటి చట్టం బోర్డు మా గేటుకు ఉంది. రాత్రి వార్డు దగ్గర మాత్రం కాపలా మనిషి ఉండడు.

ఖాళీలు భర్తీ చేయండి. అది ఆలస్యమైతే, కనీసం రాత్రిపూట వార్డుకు ఇద్దరు నర్సులను, ఒక వార్డు బాయ్‌ను, కంప్యూటరు పనికి వేరే మనిషిని ఇవ్వండి. మేము అడిగేది రోగి పక్కన నిలబడే సమయం. దయచేసి మమ్మల్ని నర్సులుగా పనిచేయనివ్వండి.

ఆ మెమోకు నేనిచ్చిన సంజాయిషీ మా ఆసుపత్రి కార్యాలయంలోనే ఉంది. వినతిపత్రాలకు జవాబు ఇవ్వకపోయినా, ఒకసారి దాన్ని తెప్పించుకుని చదవండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక స్టాఫ్ నర్సు