రెండు పాత బళ్లు, ఒక మోకాలి నొప్పి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

రెండు పాత మోటారు సైకిళ్లలో ఏది కొనాలో తేల్చుకోలేక అడిగితే, మొన్న ఫోనులో "ఇందులో ఆలోచించడానికేముందిరా, కళ్లు మూసుకుని హిమాలయన్ కొనెయ్" అని ఒక్క ముక్కలో తేల్చేసి, బస్సు వచ్చిందని పెట్టేశావు. నీ దృష్టిలో వ్యవహారం అక్కడితో ముగిసింది. నేను మాత్రం మూడు వారాలుగా ఆ రెండు బళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాను, ఆ తిరుగుడంతా నీకు పూసగుచ్చినట్టు చెప్పుకుంటే తప్ప నాకు కడుపుబ్బరం తీరదు. కనుక తీరిక చూసుకుని చదువు.

కొత్త బండి ఎందుకు కొనవని అడుగుతావని తెలుసు. 350 సిసి దాటిన కొత్త మోటారు సైకిళ్ల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం అయింది. ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు చేసే నాలాంటివాడికి అంత డబ్బు పోసి కొత్తది కొనడం దండగ అనిపించింది. అలా వెతగ్గా వెతగ్గా చివరికి రెండు మిగిలాయి, రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్ వారివే. ఒకటి 2014లో, తెలంగాణ ఏర్పడి కొత్తగా టీఎస్ నంబర్లు ఇస్తున్న రోజుల్లో రిజిస్టరైన థండర్‌బర్డ్ 500. కొంపల్లిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో, స్తంభం పక్కన, దుమ్ముపట్టిన కవరు కింద ఉంది. రెండోది 2019 నాటి హిమాలయన్, ఏపీ 39 నంబరుది. గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి మియాపూర్‌లో ఉంటున్న కుర్రవాడిది.

అంకెలు నీకూ తెలిసినవే అయినా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడు. థండర్‌బర్డ్‌ది 499 సిసి ఇంజను, 41.3 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), 20 లీటర్ల ట్యాంకు. హిమాలయన్‌ది 411 సిసి, 32 న్యూటన్ మీటర్లు, 15 లీటర్లు. బరువులో రెండూ 190 కిలోల పైమాటే, గేర్లు రెండింటికీ అయిదే. హిమాలయన్‌కు ముందు చక్రం 21 అంగుళాలు, నేలకూ బండికీ మధ్య ఎడం 220 మిల్లీమీటర్లు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకో, కథంతా దాని దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఇంకొక తేడా కాగితం మీద కనిపించదు, చేతులకు తెలుస్తుంది. హిమాలయన్ ఇంజనులో అదురును అణిచే బ్యాలెన్సర్ షాఫ్టు ఉంది, థండర్‌బర్డ్‌లో లేదు. అందువల్ల థండర్‌బర్డ్ ఎనభై దగ్గర ఏనుగు మీద ఊరేగినట్టు హాయిగా పోతుంది గానీ, నూరు దాటిందంటే హ్యాండిలు పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ముందు థండర్‌బర్డ్ సంగతి. నాకు బళ్లు చూడటం వచ్చునన్న భ్రమ నాకు లేదు కనుక మా వీధి మెకానిక్‌ను వెంటపెట్టుకు వెళ్లాను. ఆయన అసలు పేరేమిటో పదేళ్లయినా నాకు తెలియదు, అందరం ఉస్తాద్ అనే అంటాం. ఆయన వెళ్లగానే చేసిన మొదటి పని ఇంజను మీద అరచెయ్యి ఆన్చి, చల్లగా ఉందని ఖాయం చేసుకోవడం. మనం వచ్చేలోపు స్టార్టు చేసి వేడెక్కించి ఉంచారంటే ఏదో దాస్తున్నారని అర్థమట. తర్వాత టైర్ల పక్కన అచ్చువేసి ఉండే నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ముందు టైరు మీద 2214 అని ఉంది, అంటే బండితో పాటు పుట్టినదే. వెనకది 0917. మీటరులో ఇరవై మూడు వేల కిలోమీటర్లు చూసి నాకు అనుమానం వచ్చింది గానీ, టైర్లూ, ఇంకా గళ్లు చెరగని ఫుట్‌రెస్ట్ రబ్బర్లూ చూసి ఆయన "మీటరు అబద్ధం చెప్పటం లేదు సార్, బండి తిరగలేదు అంతే" అన్నాడు. తిరగకపోవడమే దాని జబ్బు. ట్యాంకు మూత తీసి సెల్‌ఫోను లైటు వేసి చూస్తే, పెట్రోలు మట్టానికి పైన, గోడ మీద, కుంకుమ చల్లినట్టు తుప్పు. ఇప్పుడు మనకు పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కదా, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. రోజూ తిరిగే బండికి అంత చేటు లేదు గానీ, నెలల తరబడి నిలబెట్టేసిన బండికి ట్యాంకూ, పాత రబ్బరు పైపులూ రెండూ పోతాయి.

ఉస్తాద్ తెచ్చిన బ్యాటరీ తగిలించి సెల్ఫ్ నొక్కితే మొదటి రెండుసార్లూ లోపల గరగరమంది గానీ ఇంజను తిరగలేదు, మూడోసారికి అందుకుంది. బ్యాటరీ చచ్చిపోయిందని తెలిసీ ఎవరో పదేపదే సెల్ఫ్ నొక్కారట, దానివల్ల సెల్ఫ్ మోటారును ఇంజనుకు పట్టించే లోపలి స్ప్రాగ్ క్లచ్ జారుతోందని ఆయన తేల్చాడు. అందుకున్నాక మాత్రం, ఒరే, ఆ సెల్లారులో ఆ చప్పుడు విని తీరాలి. నీ యెజ్డీ రోడ్‌కింగ్ గుర్తుకొచ్చింది. కిక్కు కొట్టిన రాడ్డునే ముందుకు తిప్పి గేరు రాడ్డుగా వాడుకునే ఆ విడ్డూరాన్ని నువ్వు యూనివర్సిటీ అంతా ప్రదర్శించి తిరిగావు. పెట్రోలు అయిపోయిన రోజున మాత్రం దాన్ని సిరిపురం దాకా నెట్టింది నేను.

ఇక నీకు నచ్చిన హిమాలయన్. నిజం చెప్పాలంటే దాన్ని బాగా చూసుకున్నాడు. నలభై ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది, లద్దాఖ్ వెళ్లివచ్చింది. సర్వీసు బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో తేదీల వారీగా పెట్టాడు. చైను, స్ప్రాకెట్లు ఈమధ్యే మార్చాడు. అయితే ఉస్తాద్ బండిని సెంటర్ స్టాండు మీదికి ఎక్కించి, నన్ను వెనక కూర్చోబెట్టి ముందు చక్రం గాలిలోకి లేపి, రెండు వేళ్లతో హ్యాండిలును నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాడు. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి హ్యాండిలు ఏదో గాడిలో పడినట్టు చిన్నగా ఆగి, తర్వాత కదిలింది. నా చేత కూడా తిప్పించాడు, కళ్లు మూసుకుంటే ఇంకా బాగా తెలిసింది. హ్యాండిలు తిరగడానికి ఉండే బేరింగులు, అదే కోన్ సెట్, అరిగిందన్నమాట. గతుకుల మీద అన్ని వేల కిలోమీటర్లు పోయిన ఏ బండికైనా అది మామూలే, మార్చడం కూడా పెద్ద పనేం కాదు. ఆ కుర్రవాడు దాచకుండా ఒప్పుకున్నాడు కూడా. అతని మీద నాకున్న ఒకే ఒక ఫిర్యాదు, మాటకు ముందు ఒకసారీ మాట తర్వాత ఒకసారీ నన్ను అంకుల్ అనడం.

హిమాలయన్‌కు ఒక గొప్ప ఆధిక్యం ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడ అమ్మే 125 సిసి దాటిన ప్రతి బండికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. దీనికైతే అది రెండు చక్రాలకూ ఉంది. 2014 థండర్‌బర్డ్‌కు ముందూ వెనకా డిస్కులైతే ఉన్నాయి గానీ ఏబీఎస్ లేదు. తడి రోడ్డు మీద గేదె అడ్డం వచ్చినప్పుడు ఆ తేడా విలువ ఏమిటో నాకూ తెలుసు. రెండు రాత్రులు ఈ ఒక్క కారణంగానే నీ మాటకు తలూపేశాను.

కానీ కాగితాల దగ్గర లెక్క మళ్లీ అటు తిరిగింది. థండర్‌బర్డ్ టీఎస్ నంబరుది, బాకీలు లేవు. ఫారం 29, ఫారం 30 సంతకాలు చేయించి బదిలీ చేయించుకుంటే సరి. హిమాలయన్‌కు ముందు ఏపీ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి, నంబరు మారాలి. దాని మీద తీసుకున్న అప్పు తీరిపోయిందంటున్నాడు గానీ, ఆర్‌సీలో ఫైనాన్సు వాళ్ల పేరు ఇంకా కొట్టివేయలేదు, దానికి వేరే ఫారం 35. రిజిస్ట్రేషను పదిహేనేళ్లకే చెల్లుతుంది కనుక థండర్‌బర్డ్‌ను 2029లో మళ్లీ తనిఖీకి తీసుకెళ్లాలన్నది నిజమే. అయితే అది మూడు నాలుగేళ్ల తర్వాతి తలనొప్పి, ఇది రేపటిది.

ఇంతకూ మేము పోయేదెక్కడికి? శ్రీశైలానికి రెండు వందల పదిహేను కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు దగ్గర అడవి గేటు వేసేస్తారు కనుక పగటిపూటే దాన్ని దాటాలి. తర్వాత ఎప్పుడో మారేడుమిల్లి ఘాటు మీదుగా చింతూరు, ఇంకా ఓపికుంటే నీ దగ్గరకు వచ్చి అక్కడి నుంచి అరకు, లంబసింగి. అన్నీ తారు రోడ్లే. స్పితి లోయలో వాగులు దాటే యోగం నా జాతకంలో ఉందని నేననుకోను. ఘాట్లలో ఇద్దరు మనుషులు, రెండు సంచులు వేసుకుని ఎక్కుతున్నప్పుడు, ప్రతి మలుపులోనూ గేరు దించకుండా లాక్కుపోయే ఇంజను కావాలి. ఆ పనికి పెద్ద ఇంజనే మేలు.

అసలు తీర్పు చెప్పింది మాత్రం నేనూ కాదు, ఉస్తాదూ కాదు, మీ చెల్లెలు. తనకు కుడి మోకాలు ఏడాదిగా ఇబ్బంది పెడుతోందని నీకు తెలుసుగా. వెనక కూర్చునే మనిషిని అడగకుండా బండి కొంటావా అని నిలదీస్తే, రెండింటి మీదా తిప్పుతానని మాటిచ్చాను. ఊరి చుట్టూ తిరిగే ఔటర్ రింగు రోడ్డు (ఓఆర్ఆర్) మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కనుక సర్వీసు రోడ్డే మాకు గతి.

హిమాలయన్ మీద ముత్తంగి దగ్గర ఆగి టీ తాగి మళ్లీ బయలుదేరాం. నా ఎత్తుకు ఆ సీటు మీద రెండు మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి. తను ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, నా భుజం పట్టుకుని, కుడి కాలు ఎత్తింది. ఆ కాలు సగం దాకా లేచి మోకాలి దగ్గర కలుక్కుమని ఆగిపోయింది. తన బరువంతా ఎడమ వైపుకు పడింది. నా ఎడమ బూటు కింద ఇసుక. బండి ఒరగడం మొదలుపెట్టాక రెండు వందల కిలోలను మునివేళ్లతో ఆపడమన్నది జరిగే పని కాదు. టీ కొట్టు అబ్బాయి గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చి వెనక కడ్డీ పట్టుకున్నాడు కనుక మేమిద్దరం, పరాయివాడి బండీ క్షేమంగా బయటపడ్డాం. తను కిందికి దిగి, దుపట్టా సర్దుకుని, ఆ సీటు వైపు ఒకసారి చూసి, "దీని మీదికి నిచ్చెన కూడా ఇస్తారేమో అడగండి" అంది. కుర్రవాడికి విషయం చెబితే సీటు కోయించి తగ్గించుకోవచ్చన్నాడు, చాలామంది అలా చేస్తారట. కోస్తే తగ్గేది అంగుళం, మెత్తదనం కూడా దానితోనే పోతుంది.

దానికి వారం ముందు థండర్‌బర్డ్ మీద మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పోయాం. దాని సీటు కిందికి ఉంటుంది, నా పాదాలు రెండూ పూర్తిగా నేల మీద ఆనుతాయి, వెనక ఆనుకోవడానికి దిండు ఉంది. పోయేటప్పుడు తను వాళ్ల పిన్ని కూతురి పెళ్లిలో భోజనాల ఏర్పాటును విమర్శిస్తూ కూర్చుంది. కాసేపటికి మాటలు ఆగిపోయాయి. భయపడుతోందేమోనని అద్దంలో చూస్తే, కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, హాయిగా కునుకు తీస్తోంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా డ్రైవింగుకు అంత గొప్ప యోగ్యతాపత్రం ఎన్నడూ రాలేదు.

కాబట్టి థండర్‌బర్డే తీసుకుంటున్నాను. తొంభై అయిదు వేలు చెప్పిన మనిషి, ట్యాంకులో తుప్పు ఫొటో చూపించాక ఎనభైకి దిగాడు. ట్యాంకు కడగడం, ఇంధనపు పైపులు, ఫిల్టరు, బ్యాటరీ, స్ప్రాగ్ క్లచ్, రెండు టైర్లు, ట్యూబులు కలిపి ఇరవై రెండు వేలవుతుందని ఉస్తాద్ లెక్క కట్టాడు. అతని లెక్క ఎప్పుడూ కొంచెం పెరుగుతుంది, ఇరవై అయిదనుకో. అయినా హిమాలయన్‌కు అడుగుతున్న లక్షా ఇరవై ఎనిమిది వేలకు, ఆపైన కట్టవలసిన పన్నుకు ఇంకా దిగువనే ఉంది. థర్డ్ పార్టీ బీమా విషయంలో తేడా లేదు, రెండూ 350 సిసి దాటినవే. 500 సిసి బళ్లను 2020లో ఆపేశారు కనుక దానికి మాత్రమే పనికొచ్చే విడిభాగాలు ముందుముందు వెతుక్కోవలసి వస్తుంది, ఇందులో నాకే సందేహమూ లేదు. ఏబీఎస్ లోటుకు నా దగ్గర జవాబు లేదు. ఎనభై దాటనని, వానలో, చీకట్లో బండి తీయనని ఇంట్లో ఒప్పందం రాసినంత పనైంది. దీనికి నువ్వు నన్ను తిడతావు, తిట్టు.

సోమవారం ఫారం 29 రెండు ప్రతుల మీద సంతకాలు. టైర్లు వేయించాక మొదట ఒక్కడినే వికారాబాద్ దాకా పోయి వస్తాను, అక్కడ ఏ శబ్దం వచ్చినా తేలిపోతుంది. నీ అటక మీద యెజ్డీకి కట్టుకునే ఆ ఖాకీ గుడ్డ సంచులు ఉన్నాయి చూడు, వాటిని ఒకసారి దులిపి ఎలుకలు కొట్టలేదని రూఢి చేసుకుని కొరియరులో పంపు. బకిళ్లు ఊడిపోయి ఉంటే ఫరవాలేదు, ఇక్కడ కుట్టించుకుంటాను. చెల్లెమ్మను అడిగినట్టు చెప్పు.

నీ
యెజ్డీ నెట్టినవాడు