తాళం వేసిన గిర్నికీ బిల్లేనా?

సంపాదకులకు నమస్కారం.

పరిశ్రమలకు కరెంటు చవక చేస్తున్నారంటూ పోయిన వారం మీరు వేసిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. నిన్న బిల్లు వచ్చింది. ఇక ఊరుకోలేకపోయాను.

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో మిరపపొడి గిర్ని. రెండు మోటార్లు, కలిపి 40 హెచ్‌పీ. 2016లో మా మరాఠ్వాడాకు, విదర్భకు, ఉత్తర మహారాష్ట్రకు యూనిట్ మీద రాయితీ అన్నప్పుడు మిఠాయి పేడాలు పంచుకున్నాం. ఎక్కువ యూనిట్లు కాల్చేవాడికే ఎక్కువ రాయితీ అన్న సంగతి ఆ పేడాలు అరిగాక గాని బుర్రకెక్కలేదు. ఇనుము కరిగించే కొలిమి ముందు, నాలుగు నెలలు ఆడే నా గిర్నికి దక్కేదెంత? చాయ్ ఖర్చు. 2025లో ముఖ్యమంత్రి ఫడ్నవీస్ గారు ఐదేళ్లలో రేట్లు 26 శాతం తగ్గుతాయన్నారు. తగ్గనీండి, సంతోషమే. తాళం వేసిన షట్టర్‌కు వచ్చే బిల్లు మాటేమిటి?

ఆ బిల్లు ఒకసారి చూడండి. స్థిర ఆకార్ (వాడినా వాడకున్నా కట్టేది), వహన్ ఆకార్ (కరెంటు మోసుకొచ్చినందుకు), ఇంధన్ సమాయోజన్ ఆకార్ (ఇంధనం ధర సర్దుబాటుకు). మరాఠీలో ఆకార్ అంటే ఛార్జీ లెండి. ఇన్ని ఆకారాలు కట్టేసరికి మా ఆకారాలు మారిపోతున్నాయి. మోటారు తిరగని నెలల్లోనూ స్థిర ఆకార్ వేలల్లోనే.

పోనీ సీజన్‌లోనైనా కరెంటు సరిగ్గా ఉంటుందా? మొన్న ఏప్రిల్‌లో నిండా మిరపకాయలు పోసి ఆడిస్తుంటే పోయింది. లోపల పొడి బిగుసుకుపోయింది. మూత విప్పి చేత్తో గీకి తీయాలి. ముక్కుకు రెండు రుమాళ్లు కట్టుకున్నా తుమ్ములు ఆగవు. తొడిమలు తీసే ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చున్నారు, కూలి మాత్రం ఇవ్వాల్సిందే కదా. కరెంటువాళ్లకు ఫోన్ చేస్తే వాట్సాప్‌లో పెట్టమన్నారు. పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, కరెంటు రాలేదు.

అసలు మేం ఎవరికి గుర్తుంటాం? 2010లో గోదావరి మీద మహారాష్ట్ర కడుతున్న బాబ్లీ బ్యారేజీ గొడవప్పుడు చంద్రబాబును ఇక్కడ ఆపి అరెస్టు చేస్తే మా ఊరి పేరు మీ పేపర్లన్నింటిలో వచ్చింది. 2018లో మా ఊళ్లవాళ్లు తెలంగాణలో కలపమన్నది సరదాకనుకున్నారా? సరిహద్దు దాటితే బాసర. అటు చూస్తూ, ఇటు బిల్లు కడుతూ బతుకుతున్నాం.

గిర్ని ఆడని నెలలకు ఆ స్థిర ఆకార్ ఒక్కటి ఎత్తేయమనండి. మిగతా ఆకారాలు ఎలాగో మోస్తాం.

– ఒక గిర్ని యజమాని, ధర్మాబాద్ తాలూకా