అమ్మకి రక్తమిచ్చిన ఆయనకి

మూడు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. అమ్మ గండం గట్టెక్కింది. ఫోన్లు చేస్తున్నవాళ్ళందరికీ ఇక్కడే చెబుతున్నాను.

సోమవారం రాత్రి ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి బరంపురం ఆసుపత్రికి తెచ్చాం. శ్రీకాకుళమే మాకు దగ్గర, కానీ ఆరోగ్యశ్రీ ఆంధ్రావాళ్ళకే కదా. సరిహద్దులో పుట్టినందుకు ఇదొకటి. కడుపులో పుండు పగిలి రక్తం చాలా పోయింది. అమ్మది ఓ నెగెటివ్, వేరే గ్రూపు ఎక్కించకూడదు. రెండు యూనిట్లు కావాలన్నారు.

పొద్దున కౌంటర్ దగ్గర ఒకాయన వచ్చి సరిగ్గా నా ముందు నిలబడ్డాడు. మాసిన లుంగీ, పిన్నీసు పెట్టిన చెప్పులు. "లైను కనబడట్లేదా? ఎక్కణ్ణుంచి దిగుతార్రా మీరంతా" అని అందరి ముందూ అరిచాను. మారుమాట్లాడకుండా చివరికి వెళ్ళిపోయాడు. కిటికీ గట్టు మీద తువ్వాలు వేసి, భార్యకి నీళ్ళు పట్టడానికి వెళ్ళాడని వెనకామె చెప్పింది. ఆ చోటు ఆయనదే. విని కూడా నేను తల తిప్పుకున్నాను.

మధ్యాహ్నం వరండాలో రక్తం కోసం తెలిసినవాళ్ళకల్లా ఫోన్లు చేస్తుంటే, ఆయనే వచ్చి ప్లాస్టిక్ కవర్లోంచి రక్తదానం కార్డు తీశాడు. ఓ నెగెటివ్. గుణుపురం వైపు సవర మనిషి, జీడిపిక్కల బట్టీలో కూలి. "ఇచ్చి నాలుగు నెలలైంది బాబూ, మళ్ళీ ఇవ్వొచ్చు" అన్నాడు. నేను వెంటనే జేబులో చెయ్యి పెట్టాను. రక్తానికి డబ్బు ముట్టకూడదని 1998 నుంచి నిషేధం ఉందని లోపలివాళ్ళు మందలించారు. ఆయన మాత్రం నా చేతి వంకే చూడలేదు.

సూది చేతికుండగానే అన్నాడు, "పొద్దున తెలీక మీ ముందుకొచ్చేశాను, ఏమీ అనుకోకండి." నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. తర్వాత మామూలుగా అడిగాడు, "మీ ఇంట్లో ఇంకెవరికీ లేదా ఈ గ్రూపు?"

ఉంది. అన్నయ్యది ఓ నెగెటివే. పొద్దుట్నుంచీ నాకు తెలుసు. నాన్న పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒక మాట పడ్డానని ఆరేళ్ళుగా మాట్లాడుకోలేదు. అమ్మ అలా పడుంటే ఊళ్ళోవాళ్ళందరికీ చేశాను గానీ, రాయగడకి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయాను. అప్పుడు చేశాను. "నన్ను ముందే ఎందుకు పిలవలేదురా" అన్నాడు. రాత్రికి వచ్చేసి రక్తమిచ్చాడు. మా ఆవిడ, బావ ఎలాగూ ఉన్నారు.

2002 నాటి జాతీయ రక్త విధానం ప్రకారం బంధువులతో రక్తం ఇప్పించే పద్ధతి పోవాలి. ఇక్కడ మాత్రం దాతను తేకపోతే ఫారం మీద సంతకమే పెట్టరు. తోడు ఎవరూ లేనివాళ్ళ గతేమిటి?

ఆయన పేరు ఇక్కడ రాయను, అడిగితే వద్దన్నాడు. గురువారం వాళ్ళ వార్డుకి వెళ్తే మంచం ఖాళీ, డిశ్చార్జి అయిపోయారట. పొద్దుటి సంగతికి నేనింకా క్షమాపణ చెప్పలేదు.

అయ్యో, మర్చిపోయాను: స్ట్రెచర్ తోసిన అక్కకి, ఒడియా ఫారం నింపిపెట్టిన కుర్రాడికి, అర్ధరాత్రి టీ పోసిన మావయ్యకి దండాలు. వ్యాను డ్రైవర్ తమ్ముడూ, డీజిల్ డబ్బులు ఇంకా బాకీ, ఆదివారం ఊరొస్తాను.