రోలర్ తిప్పితే నీళ్లు పోవు

సంపాదకులకు నమస్కారం.

మా వార్డు ఆటస్థలంలో మళ్లీ గడ్డి వేస్తున్నారు. రెండేళ్లలో ఇది రెండోసారి. కిందటి వానాకాలంలో వాన వెలిసి నాలుగు రోజులైనా నడిమధ్యన నీళ్లు అలాగే ఉన్నాయి. అవి ఇంకిపోయాక చూస్తే గడ్డి పసుపురంగుకు తిరిగి, మీద నాచు పట్టింది. ఇప్పుడు కూడా ట్రాక్టర్లతో ఎర్రమట్టి దింపి రోలర్ తిప్పుతున్నారు. 1936లో ఇంగ్లండులో భారత జట్టుకు కెప్టెన్సీ చేసిన విజ్జీ ఊరు మనది. ఇక్కడి పిల్లలేమో అక్టోబరంతా బ్యాట్లు మూలన పెట్టుకుంటున్నారు.

నేను విశాఖలో గోల్ఫ్ కోర్సు గడ్డి పని చేసి రిటైరైనవాణ్ణి. గోల్ఫ్‌లో బంతి పడే గుంట చుట్టూ ఉండే మెత్తటి గడ్డిని గ్రీన్ అంటారు. దాన్ని నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అంత పొట్టి గడ్డికి వేళ్లే ఆధారం, ఆ వేళ్లకు గాలి ఆడాలి. అందుకని అసలు పనంతా కిందే. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతిని చాలా దేశాలు పాటిస్తున్నాయి. అడుగున వాలు తీసి, నాలుగంగుళాల చిల్లుల పైపులు చేపముల్లు ఆకారంలో పరుస్తారు. వాటి మీద సన్న కంకర, ఆపైన అడుగు మందాన ఇసుక. తమాషా ఏమిటంటే, ఆ ఇసుక బాగా తడిసి నిండేదాకా కంకరలోకి నీరు వదలదు. ఎండ కాసినప్పుడు గడ్డి తాగేది ఆ నీటినే.

మొన్న పాత గడ్డి మిగిలినచోట చాకుతో జానెడు ముక్క కోసి చూశాను. పైన రెండంగుళాలు ఇటుకలాంటి ఎర్రమట్టి, కింద నల్లటి పొర. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన. వేళ్లు వేలెడు లోతు కూడా దిగలేదు. ఉబాలు వేసిన వరికైతే నీళ్లు నిలవాలి గానీ, గరికకు కాదు కదా!

ఆటస్థలానికి గోల్ఫ్ ఖర్చు పెట్టమని అనను. మధ్య కాస్త ఎత్తు చేసి అంచులకు వాలు ఇచ్చి, కందకాలు తీసి చిల్లుల పైపులు వేసి, కంకర, మన్ను లేని ఇసుక నింపితే చాలు. అయితే ఆ పైపుల నీళ్లు ఎటు పోతాయన్నది ముందే తేల్చుకోవాలి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెంచుకుంటూ పోయారు, వీధి కాలువ ఇప్పుడు మైదానం కన్నా జానెడు పైనుంది. అందులో కలిపితే వాన నీరు తిరిగి మైదానంలోకే వస్తుంది. పల్లం వైపున గెడ్డ (వాగు) ఉంది, పైపు అటు తీసుకెళ్లాలి.

బిల్లు పాస్ చేసే ముందు ఇంజినీరు గారు అడుగుభాగం కోసేసిన పౌడరు డబ్బా ఒకటి నేలలోకి దించి, నీళ్లు పోసి, అవి ఎంతసేపట్లో ఇంకుతాయో వాచీ చూసుకోవాలి. డబ్బా కావాలంటే మా ఇంట్లో ఉంది.

— ఒక రిటైర్డ్ గ్రౌండ్స్‌మన్, విజయనగరం