ఫోన్ ధర రాస్తున్నారు సరే, ప్లాన్ సంగతి?

సంపాదకులకు,

నమస్కారం. కొత్త స్మార్ట్‌ఫోన్ వచ్చిన ప్రతిసారీ దాని కెమెరా గురించీ బ్యాటరీ గురించీ పత్రికలు వివరంగా రాస్తాయి. అందులో ఏ సిమ్ వేయాలి, ఏ ప్లాన్ తీసుకోవాలి అన్న ప్రశ్నకు మాత్రం పాఠకుడు ఆపరేటర్ల ప్రకటనలనే ఆశ్రయించవలసి వస్తోంది. ఫోన్‌కు ఒక్కసారి డబ్బు కడతాం, ప్లాన్‌కు దాన్ని వాడినన్నాళ్లూ కడుతూనే ఉంటాం. అందుకే ఈ ఉత్తరం.

ఇటీవల మా ఇంట్లో కొత్త ఫోన్ కొన్నప్పుడు, సిగ్నల్‌కు ఢోకా లేదని అమ్మిన వ్యక్తి చెప్పిన మాట నమ్మి నెట్‌వర్క్ కూడా మార్చాం. ముందు గదిలో గీతలన్నీ నిండుగా కనిపించేవి, లోపలి గదిలోకి వెళ్తే మాట తెగిపోయేది. ఈ గీతలకు అన్ని ఫోన్లకూ వర్తించే కొలత ఏదీ లేదని, ఒక కంపెనీ ఫోన్ మూడు గీతలు చూపే చోట మరొకటి నాలుగు చూపవచ్చని నాకు అప్పుడే తెలిసింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ కింద సిగ్నల్ బలాన్ని కొలిచే డీబీఎం అనే అంకె కనిపిస్తుంది. మా కిటికీ దగ్గర అది మైనస్ 88, లోపలి గదిలో మైనస్ 114. తేడా 26 మాత్రమే కదా అనిపిస్తుంది గాని, ఈ లెక్కలో ప్రతి 10కీ బలం పది రెట్లు పడిపోతుంది కనుక, లోపలికి చేరుతున్నది కిటికీ దగ్గరి సిగ్నల్‌లో దాదాపు 400వ వంతే. ఇందుకు కారణం నెట్‌వర్క్ వాడే తరంగాలు కూడా కావచ్చు. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి చాలా దూరం వెళ్తాయి. 5జీకి వేగాన్నిచ్చే 3500 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడ దగ్గరే చాలావరకు నీరసిస్తాయి. కాబట్టి నంబరు పోర్ట్ చేయించుకునే ముందు, ఆ నెట్‌వర్క్ చిన్న ప్రీపెయిడ్ ప్లాన్‌ను రెండో సిమ్‌లోనో, ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్‌లోనో వేసి, మనం కూర్చునే, పడుకునే చోట్ల కొన్నాళ్లు వాడి చూడటం మేలు. మేం ఆ పని చేయకనే ఇబ్బంది పడ్డాం.

ఆ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు, అంటే తరంగాల శ్రేణులు, ఫోన్‌లో ఉన్నాయా, దానిపై వోల్టీ, అంటే 4జీ మీదుగానే కాల్ మాట్లాడే సదుపాయం, పనిచేస్తుందా అన్నది కూడా కొనేముందే చూసుకోవాలి. 2జీ, 3జీ మూసేసిన చోట వోల్టీ లేని ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చినా మామూలు కాల్ వెళ్లదు. అమెరికాలో పెద్ద ఆపరేటర్లు 2022లో 3జీని ఆపేసినప్పుడు ఎన్నో పాత ఫోన్లు ఇలాగే మూగబోయాయి.

ఇక ప్లాన్. గత మూడు నెలల్లో ఎంత డేటా వాడామో ఫోనే చెబుతుంది. మాకు నెలకు 7 జీబీ దాటలేదు, ఎందుకంటే ఇంట్లో వైఫై ఉంది. మేం కడుతున్నదేమో రోజుకు 2 జీబీ ఇచ్చే ప్లాన్‌కు, అందులో ఏ రోజు మిగిలింది ఆ రోజు అర్ధరాత్రితో సరి. బయట తిరుగుతూ హెచ్‌డీ వీడియో చూసేవారికి గంటకు 3 జీబీ వరకు ఖర్చు కావచ్చు కాబట్టి అదే ప్లాన్ వారికి గంట కూడా చాలదు. అపరిమితం అన్న మాటను మరింత జాగ్రత్తగా చదవాలి. పరిమితి దాటాక వేగాన్ని 64 కేబీపీఎస్‌కు దించే ప్లాన్లున్నాయి, ఆ వేగంలో 3 ఎంబీ ఫొటో ఒకటి పంపడానికి ఆరు నిమిషాలకు పైగా పడుతుంది.

నెల అని మనం అనుకునేది కొన్ని ప్లాన్లలో 28 రోజులే. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు. ఇటలీలో టెలికాం కంపెనీలు ఈ పద్ధతికి మారినప్పుడు, నెలవారీ బిల్లు తప్పనిసరి చేస్తూ 2017 చివర్లో చట్టమే తేవలసి వచ్చింది. ధరను రోజులతో భాగించి చూస్తే ఏది చవకో తేలిపోతుంది.

ఫోన్‌నూ ప్లాన్‌నూ కలిపి వాయిదాలపై ఇచ్చే ఒప్పందాలతోనే అసలు చిక్కు. నెలవారీ మొత్తంలో ఫోన్‌కు ఎంత, సేవకు ఎంత అని విడదీసి రాయించుకోకపోతే, ఫోన్ బాకీ తీరిన తరువాత కూడా అదే బిల్లు కడుతూ పోయే ప్రమాదం ఉంది. ఫోన్ ఒకే నెట్‌వర్క్‌కు లాక్ చేసి ఉంటే, నచ్చనప్పుడు సిమ్ మార్చే వీలూ ఉండదు. అన్‌లాకింగ్ రుసుమును కెనడా 2017 డిసెంబరులో నిషేధించింది. లాక్ చేసిన ఫోన్ల అమ్మకాన్నే బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి ఆపించింది. ఇలాంటి నియమం లేనిచోట కొనేవారే అడిగి తెలుసుకోవాలి.

మీరు ప్రచురించే ఫోన్ సమీక్షల చివర ఆ ఫోన్‌లోని బ్యాండ్లు, ఈ-సిమ్, వోల్టీ వివరాలతో పాటు, ఒక సాధారణ ప్లాన్‌తో కలిపి రెండేళ్లకు అయ్యే మొత్తం ఖర్చును ఒక్క వరుసలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు