టోకెన్ పుట్టుకను నెట్‌వర్క్ ప్రారంభమని రాయవద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

ఇటీవల శ్రీకాకుళంలో ఒక కల్యాణ మండపంలో జరిగిన సమావేశానికి, మా పక్కింటి విశ్రాంత ఉద్యోగి రమ్మంటే నేనూ వెళ్లాను. ‘మన సొంత బ్లాక్‌చైన్ మొదలైంది’ అని, అంటే డిజిటల్ నాణేల లెక్కలు నడిపే సొంత నెట్‌వర్క్ మొదలైందని, వేదిక మీద ప్రకటించారు. ఇంటికి వచ్చి, వారు పంచిన కాగితంలోని కాంట్రాక్టు చిరునామాను (నెట్‌వర్క్‌లో ఒక ప్రోగ్రాము ఉన్న చోటును తెలిపే సంకేతం) వెదికి చూస్తే, అది అప్పటికే ఉన్న ఇథీరియం అనే నెట్‌వర్క్ మీద సృష్టించిన ఒక టోకెన్, అంటే డిజిటల్ బిళ్ల, మాత్రమేనని తేలింది. అప్పటికే ఆయన తన గ్రాట్యుటీ సొమ్ములో కొంత కట్టేశారు. పత్రికల వార్తల్లోనూ సొంత నెట్‌వర్క్, టోకెన్ రెండూ ఒకటే అన్నట్టు కనబడుతున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

హిరమండలం దగ్గర వంశధార మీద గొట్టా బ్యారేజీ కట్టి కాలువలు తవ్వడం ఒక పని. ఆ కాలువ కింద మడి చేసుకుని దానికో పేరు పెట్టుకోవడం వేరొక పని. నెట్‌వర్క్ ప్రారంభమంటే మొదటిది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఎందరో తమ కంప్యూటర్లలో ఒకే లెక్కల పుస్తకం ప్రతులు ఉంచుకుని, ఏ చెల్లింపు నిజమైనదో ఒకే నియమం ప్రకారం తేల్చుకునే ఏర్పాటు అది. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం నెట్‌వర్క్‌లో తొలి బ్లాకు, అంటే ఆ లెక్కల పుస్తకంలో మొదటి పుట వంటిది, 2009 జనవరి 3న ఏర్పడింది. కొత్త నాణేలు బ్లాకులు కట్టినవారికే, మొదట్లో బ్లాకుకు 50 చొప్పున, దక్కేవి. ఇథీరియం 2015 జూలై 30న మొదలైంది.

టోకెన్‌కు ఇంత శ్రమ లేదు. మొత్తం ఎన్ని, ఎవరి ఖాతాలో ఎన్ని, ఎలా బదిలీ అవుతాయి అన్న సంగతులు చెప్పే చిన్న ప్రోగ్రామును, కొంత రుసుము కట్టి, ఇథీరియం వంటి నెట్‌వర్క్ మీద పెడితే నిమిషాల్లో టోకెన్ పుడుతుంది. పుట్టిన క్షణంలోనే మొత్తం టోకెన్లు సృష్టికర్త ఖాతాలో పడేలా రాసుకోవచ్చు. తర్వాత మరిన్ని ముద్రించే అధికారాన్నీ, ఇతరుల ఖాతాలను స్తంభింపజేసే అధికారాన్నీ తనవద్దే ఉంచుకోవచ్చు. టోకెన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో కొనుగోళ్ల కోసం తాను పెట్టిన నిధిని అతను వెనక్కి తీసుకుంటే, మన చేతిలోని టోకెన్లు కొనేవారే ఉండరు. కింద ఉన్న ఇథీరియం చెక్కుచెదరకుండా నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ భద్రత టోకెన్ విలువకు హామీ కాదు.

నెట్‌వర్క్ రాకముందే సొమ్ము సేకరించిన సందర్భాలూ ఉన్నాయని ఒప్పుకోవాలి. ఇథీరియమే 2014లో ముందుగా నాణేలు అమ్మింది. ఈఓఎస్ అనే మరో ప్రాజెక్టు 2017 జూన్ నుంచి ఏడాది పాటు ఇథీరియం మీద టోకెన్లు అమ్మి, 2018 జూన్‌లో సొంత నెట్‌వర్క్‌కు మారింది. అంటే ఆ ఏడాదంతా కొన్నవారి చేతిలో ఉన్నది నెట్‌వర్క్ కాదు, మాట మాత్రమే.

ఆ సభలో మరొకటి కూడా చెప్పారు: ప్రభుత్వం పన్ను వేస్తోంది కనుక గుర్తించినట్టేనట. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇటువంటి డిజిటల్ ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, కానీ అది ఆదాయం మీద పన్నే తప్ప ఏ టోకెన్‌కూ పూచీ కాదు.

కనుక ఇటువంటి ప్రారంభోత్సవాల వార్త వేసేటప్పుడు, అది ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, బ్లాకులను ధ్రువీకరించేది ఎవరు, మొదటి రోజున మొత్తం టోకెన్లు ఎవరి ఖాతాలో ఉన్నాయి అని అడిగి, వచ్చిన జవాబును వార్తలోనే ప్రచురించవలసిందిగా మీ విలేకరులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
శ్రీకాకుళం